ఉప్పునీటి గొట్టం వెంట నడిచినవాళ్లు

ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్‌కి వెళ్లొచ్చిన మనవాళ్ల ఫోన్లలో ఒక ఫోటో తప్పకుండా ఉంటుంది. సరస్సు, ఒడ్డున సూదిలాంటి చర్చి గోపురం, దాని వెనక నిట్టనిలువుగా కొండ. నా ఫోన్లోనూ ఉంది. మా ఆవిడా పాపా పడవ ఎక్కి సరస్సులో తిరుగుతుంటే, నేను మాత్రం ఊరు వదిలి ఒడ్డు వెంట ఉత్తరానికి నడిచాను. కొన్ని కిలోమీటర్లు పోతే గోసౌ అనే కొండవాగు సరస్సులో కలుస్తుంది. ఆ వాగు లోయ మీద, ఇటు కొండ నుంచి అటు కొండకి ఒక సన్నటి వంతెన ఉంది. పొడవు సుమారు 130 మీటర్లు, ఎత్తు 40 మీటర్ల పైన. ఎత్తైన రాతి స్తంభాలు దాన్ని మోస్తున్నాయి. కింద రోడ్డు మీద నిలబడి తలెత్తి చూస్తే మెడ పట్టేస్తుంది. దాని మీద మనుషులూ బండ్లూ పోవడానికని కట్టింది కాదు. 1757లో ఉప్పునీరు దాటించడానికి కట్టారు.

కోనసీమలో గన్నవరం అక్విడక్టు చూసినవాళ్లకు ఇలాంటి కట్టడం కొత్త కాదు. గోదావరి పాయ మీదుగా కాలువ నడిచిపోయే దృశ్యం మనకు తెలుసు. అక్కడ నీళ్లు పొలాలకు పోతాయి. ఇక్కడి నీళ్లు ఒక్క చుక్క పొలంలో పడినా పైరు మాడిపోతుంది. గని నుంచి వచ్చే చిక్కటి ఉప్పునీరు అది. సముద్రపు నీటికన్నా ఎన్నో రెట్లు ఉప్పగా, ఇంక ఒక్క పలుకు కూడా కరగనంత ఉప్పుతో నిండి ఉంటుంది. దాన్ని కొండ మీద నుంచి ఎబెన్‌జే అనే ఊరి దాకా, దాదాపు 40 కిలోమీటర్లు, బోలు చేసిన చెట్టు దుంగల్లో నడిపించారు. పని 1595లో మొదలైంది. 1607లో ఎబెన్‌జేలో ఆ నీటిని మరగబెట్టి ఉప్పు తీశారు. వాడిన దుంగలు 13 వేలు.

టూరిస్టులకిచ్చే కాగితాల్లో దీన్ని "ప్రపంచంలో అతి పాత పైప్‌లైన్" అంటారు. ఆ మాట నాకు నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఒక కారణం తేలిక. చైనాలో సిచువాన్ ప్రాంతపు ఉప్పు బావుల దగ్గర వెదురు గొట్టాల్లో ఉప్పునీరు పారించడం దీనికన్నా చాలా ముందే ఉంది. కాబట్టి అతి పాతది అనడం సరికాదు. కానీ నా అసలు అభ్యంతరం వేరు. 1607లో వేసిన దుంగ ఒక్కటి కూడా ఇప్పుడు ఉప్పునీరు మోయడం లేదు. చెక్క పోయి పోత ఇనుము వచ్చింది, ఇనుము పోయి ప్లాస్టిక్ వచ్చింది. మరి 400 ఏళ్లుగా ఉన్నది ఏది? దారి ఉంది. ఆ దారి వాలు ఉంది. దాని వెంట రోజూ ఎవరో ఒకరు నడిచి, కారుతున్న చోట ఆగి, బాగుచేసే అలవాటు ఉంది. ఆ అలవాటును వదిలేసి గొట్టానికి బిరుదు ఇవ్వడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

ఇలా ఆలోచించడానికి నా పుట్టుక కూడా ఒక కారణం. మాది శ్రీకాకుళం జిల్లా, నౌపడ పక్కన. మా తాత బతుకంతా ఉప్పు మడుల్లోనే గడిచింది. మా దగ్గర ఉప్పుకి గొట్టాలు లేవు, పొయ్యిలు లేవు. ఉప్పునీటిని కాలవలో తెచ్చి, మడిలోంచి మడిలోకి మారుస్తూ, ఎండకి చిక్కబెట్టి, చివరి మడిలో గడ్డకట్టాక చెక్క పారతో లాగుతారు. ఎండాకాలం సెలవుల్లో తాతకి క్యారేజీ పట్టుకెళ్లేవాణ్ణి. ఆయన ఉప్పు లాగుతూ కనిపించింది తక్కువ. గట్టు మీద వంగి, చేత్తో తడుముతూ నడుస్తుండేవాడు. ఏం వెతుకుతున్నావు తాతా అని అడిగితే, "పీత బొక్క బావూ. రేతిరి పీత గట్టుకి బొక్కెట్టిందంటే తెల్లారేసరికి మడి కాళీ. నెల్లాళ్ల ఎండ మట్టిపాలే" అన్నాడు. వేలు దూరేంత బొక్క అది. ఆయన దాన్ని బంకమట్టితో మెత్తి, మడమతో తొక్కి, ఇంకో నాలుగడుగులు వేసి మళ్లీ వంగేవాడు. మడి కట్టించిన ఆసామి పేరు ఊళ్లో అందరికీ తెలుసు. గట్టు తడిమినవాళ్ల పేర్లు వాళ్ల ఇళ్లలోనే గుర్తున్నాయి.

హాల్‌స్టాట్ కొండ మీద కథ ఎండతో తేలేది కాదు. అక్కడ ఉప్పు కొండ లోపల మట్టితో, రాయితో కలిసి ఉంటుంది. ఏడువేల ఏళ్ల కిందటే మనుషులు అక్కడ ఉప్పు తీశారని తవ్వకాల్లో తేలింది. యూరప్ తొలి ఇనుప యుగానికి చరిత్రకారులు ఈ ఊరి పేరే పెట్టారు. పాత రోజుల్లో ఉప్పురాయిని పగలగొట్టి వీపు మీద మోసుకొచ్చేవారు. మధ్యయుగంలో పద్ధతి మారింది. కొండ లోపల గుహలు తొలిచి, వాటిలోకి మంచినీళ్లు వదిలి, ఉప్పు కరిగేదాకా ఆగి, మట్టి అడుక్కి దిగాక పైనున్న ఉప్పునీటిని బయటికి తీస్తారు. 1311లో ఎలిజబెత్ రాణి ఇక్కడి ఉప్పు పనిని తిరిగి గట్టిగా నిలబెట్టింది. అప్పటి నుంచి ఊరంతా ఈ నీళ్లు మరగబెట్టడం మీదే బతికింది.

మరగబెట్టడం అంటే కట్టెలు. ఇక్కడ చిన్న లెక్క వేసి చూడండి. బాగా చిక్కటి ఉప్పునీటిలో బరువు ప్రకారం నూటికి 26 పాళ్లు ఉప్పు, మిగతా 74 పాళ్లు నీరు. అంటే ఒక కిలో ఉప్పు చేతికి రావాలంటే దాదాపు మూడు కిలోల నీటిని ఆవిరి చేయాలి. మూత లేని పెద్ద ఇనుప పెనాల కింద, పగలూ రాత్రీ, ఏళ్ల తరబడి. మన దగ్గర సూర్యుడు ఊరికే చేసిపెట్టే పనిని అక్కడ అడవి చేయాలి. వానలూ మంచూ ఉన్న ఆ కొండల్లో ఎండని నమ్ముకుంటే ఉప్పు రాదు.

అడవి ఎంతకాలం ఆగుతుంది? హాల్‌స్టాట్ చుట్టూ దగ్గర్లో ఉన్న చెట్లు తరిగిపోయాయి. దూరపు చెట్లు నరికి తేవాలంటే ఒక చిక్కుంది. దుంగలు వాగులో తేలుతూ కిందికి పోతాయి గానీ ఎగువకి ఎక్కవు. హాల్‌స్టాట్ ఏమో ట్రౌన్ నదికి ఎగువన ఉంది. కింద ట్రౌన్ సరస్సు దక్షిణపు ఒడ్డున ఎబెన్‌జే దగ్గర అడవి నిండుగా ఉంది. కట్టెల్ని ఉప్పు దగ్గరికి తేలేనప్పుడు ఉప్పునే కట్టెల దగ్గరికి పంపాలి. అంత చిక్కటి ఉప్పునీరు గడ్డకట్టాలంటే సున్నాకి 21 డిగ్రీలు కిందికి పోవాలి కాబట్టి చలికాలంలో కూడా అది పారుతుంది. పైగా తయారైన ఉప్పుని అక్కణ్ణుంచి సరస్సు మీద పడవల్లో గ్ముండెన్ ఊరికి, ఆపైన బయటి ప్రపంచానికి పంపడం సులువు.

ఈ దారిని పథకం వేసిన మనిషి పేరు హాన్స్ కాల్స్. ఆయన ఉద్యోగం ఏమిటో తెలిసినప్పుడు నాకు కథ మొత్తం అర్థమైనట్టనిపించింది. ఆయన గనుల ఇంజనీరు కాదు, అడవుల అధికారి. ఏ కొండ మీద ఎన్ని చెట్లున్నాయో, ఏ వాగు ఎప్పుడు పొంగుతుందో తిరిగి తెలుసుకున్నవాడు. గొట్టం ఆలోచన అలాంటి మనిషికే రావాలి. ఎందుకంటే అక్కడ కరువు వచ్చింది కట్టెలకి. ఉప్పు కొండ నిండా ఉంది.

ఇప్పుడు ఆ దుంగల సంగతి. 40 కిలోమీటర్లను 13 వేలతో భాగిస్తే ఒక్కో దుంగ సుమారు మూడు మీటర్లు. మనిషి పొడవుకి దాదాపు రెండింతలున్న పచ్చి దుంగని దిమ్మల మీద కట్టి, పొడవాటి బర్మాతో నడిమధ్యగా, చివరిదాకా తొలవాలి. బర్మా కాస్త పక్కకి పోతే గోడ ఒకవైపు పలచనై దుంగ పనికిరాకుండా పోతుంది. తొలిచిన దుంగని ఎండలో పెడితే పగులుతుంది, అందుకని వాడేదాకా నీళ్లలో ఉంచాలి. ఒకదాని మూతి ఇంకోదాని చివరలో దిగేలా చెక్కి బిగించాలి. అలాంటి అతుకులు దాదాపు 13 వేలు. ప్రతి అతుకూ కారే అవకాశమే. ఎండ తగిలిన చోట చెక్క బీటలు వారుతుంది, తడి మట్టి తగిలిన చోట పైనుంచి కుళ్లుతుంది. లోపల గారపట్టి దారి ఇరుకవుతుంది. కొండ మీద నుంచి రాయి దొర్లినా, మంచు విరిగిపడినా ఆ ముక్క మొత్తం పోతుంది.

ఇక్కడే నాకు ఇంకో విషయం గుర్తొస్తుంది. అదే కొండ లోపల, 2003లో ఒక చెక్క మెట్లదారి దొరికింది. దాని చెట్లు నరికిన ఏడాదిని చెక్కలోని వలయాల లెక్కతో పట్టుకున్నారు: క్రీస్తు పూర్వం 1344, 1343. మూడువేల మూడొందల ఏళ్లు ఆ మెట్లు చెక్కుచెదరలేదు, కారణం చుట్టూ ఉన్న ఉప్పు. గని లోపల చెక్కని ఉప్పు కాపాడింది. గని బయట ఉప్పుని మోసే చెక్కని కాపాడడానికి మనుషులు కావలసి వచ్చింది. వేసిన మర్నాటి నుంచే మార్చడం మొదలుపెట్టాల్సిన వస్తువు ఆ గొట్టం. పన్నెండేళ్లు కట్టారు అంటాం. నిజానికి కట్టడం ఎప్పుడూ ఆగలేదు.

వాలు గురించి కూడా చెప్పాలి. గని ఉన్న కొండ సముద్ర మట్టానికి ఎనిమిది వందల మీటర్ల పైన ఉంది, ఎబెన్‌జే నాలుగు వందల పైచిలుకు. పంపులు లేకుండా నీరు దానంతటదే పోవడానికి అంత ఎత్తు చాలు. కానీ చాలు అన్నది కాగితం మీద మాట. వాలు ఎక్కువైతే నీటి ఒత్తిడికి అతుకులు విడిపోతాయి. తక్కువైతే నీరు నిలిచిపోతుంది. కాబట్టి కొండ పక్కలు పట్టుకుని, ప్రతి మలుపులోకి దూరి వచ్చి, సన్నగా దిగుతూ పోవాలి. ఇప్పుడు ఆ దారి నడకదారి. నేను కొంత దూరం నడిచాను. ఎక్కుతున్నామో దిగుతున్నామో కాళ్లకి తెలియదు. ఒక పక్క రాతిగోడ, ఇంకో పక్క చెట్ల మధ్యలోంచి కింద సరస్సు. గొట్టాన్ని కనిపెట్టుకుని బాగుచేస్తూ తిరిగినవాళ్ల కాళ్లే ఈ బాటని నిలబెట్టాయి. ఒక చోట వంగి రాతిని చేత్తో తడిమాను. ఎందుకు తడిమానో నాకు తెలుసు.

వాలుకి లొంగని ఒకే ఒక్క పెద్ద అడ్డంకి గోసౌ లోయ. కొండ పక్కన వస్తున్న గొట్టం అకస్మాత్తుగా లోయ అంచుకి వచ్చి ఆగిపోతుంది. అవతలి కొండ మీద మళ్లీ మొదలు కావాలి. మొదట్లో ఏం చేశారంటే, గొట్టాన్ని లోయలోకి దింపి, అడుగున వాగు దాటించి, అవతల పైకి ఎక్కించారు. ఇటు దిగిన నీరే అటు ఎక్కే నీటిని తోస్తుంది. స్కూల్లో యు ఆకారపు గాజు గొట్టంతో చూపించిన సూత్రమే. ఆ చోటి పేరు గోసౌజ్వాంగ్. జ్వాంగ్ అంటే జర్మన్‌లో బలవంతం. నీటిని బలవంతంగా కొండెక్కించిన చోటు. ఆ ఊరివాళ్లు పెట్టుకున్న పేరులోనే వాళ్ల కష్టం ఉంది.

ఎంత బలవంతమో చూద్దాం. ఉప్పునీరు మంచినీటికన్నా బరువు, లీటరు దాదాపు 1.2 కిలోలు. అది 40 మీటర్ల ఎత్తు నుంచి దిగితే అడుగున ఉన్న దుంగ గోడ మీద ప్రతి చదరపు సెంటీమీటరుకీ దాదాపు 5 కిలోల ఒత్తిడి. ఇనుము భరిస్తుంది. తొలిచిన చెట్టు దుంగ, మధ్యలో అతుకులతో, ఎంతకాలం భరిస్తుంది? 1607 నుంచి 1757 దాకా 150 ఏళ్లు. అంటే ఆరేడు తరాలు. పగిలిన దుంగని తీసి కొత్తది పెట్టడం, ఆ లోయ అడుగున, తండ్రి నుంచి కొడుక్కి. చివరికి లోయ మీదుగా వంతెన కట్టారు. గొట్టం ఇక దిగకుండా, ఎక్కకుండా, తిన్నగా అవతలికి పోయింది.

ఆ వంతెన కింద నిలబడినప్పుడు నా పక్కన ఇంకో ఇద్దరు ముగ్గురు ఫోటోలు తీసుకుంటున్నారు. స్తంభాలు నిజంగా గొప్పగా ఉన్నాయి. కానీ నా కళ్లు పైనున్న వంతెన మీద నిలవలేదు, వాగు పక్కన నేల మీదికే పోయాయి. నా దృష్టిలో ఈ చోటి అసలు స్మారకం అక్కడుండాలి. వంతెన రాకముందు 150 ఏళ్లు ఆ బురదలో దిగి పనిచేసినవాళ్ల చోటు అది. వాళ్లకి మొత్తుకునే హక్కు ఉంటే, ఆ వంతెన ఇంకా ముందే వచ్చేదేమో అని కూడా అనిపించింది.

ఆ హక్కు వాళ్లకి లేదని చరిత్రే చెబుతుంది. ఈ ప్రాంతం పేరు సాల్జ్‌కమ్మర్‌గూట్. అర్థం, రాజు ఖజానాకి చెందిన ఉప్పు ఎస్టేటు. భూమీ, అడవీ, గనీ, ఉప్పూ చక్రవర్తివే. గొట్టం పని సాగుతున్న రోజుల్లోనే, 1601, 1602లో ఇక్కడి ఉప్పు పనివాళ్లు తిరగబడ్డారు. వాళ్లలో ఎక్కువమంది లూథర్ మార్గాన్ని, అంటే ప్రొటెస్టెంటు క్రైస్తవాన్ని, పట్టుకున్నవాళ్లు. కాథలిక్ మతంలోకి తిరిగి రమ్మని పైనుంచి ఒత్తిడి. సాల్జ్‌బర్గ్ ఆర్చ్‌బిషప్ వోల్ఫ్ డీట్రిచ్ సైన్యాన్ని పంపి ఆ తిరుగుబాటును అణిచేశాడు. నాయకులకు మరణశిక్షలు పడ్డాయి. ఆ తర్వాత వాళ్లు పైకి కాథలిక్కులుగా, ఇంట్లో తలుపులు వేసుకుని లూథరన్లుగా బతికారు. 1734లో అది కూడా సాగనివ్వలేదు. హాల్‌స్టాట్, గోసౌ, గోయిజెర్న్, ఇషల్ ఊళ్ల నుంచి వందల మందిని పడవల్లో డాన్యూబ్ మీదుగా, ఇప్పటి రుమేనియాలో ఉన్న ట్రాన్సిల్వేనియాకి తోలేశారు. చక్రవర్తి సొంత గనికీ గొట్టానికీ పనిచేసే ఊళ్లు అవి. గొట్టానికి మనుషులు కావాలి, ఆ మనుషుల మనసు మాత్రం అక్కర్లేదు. 1781లో మతసహనం మీద జోసెఫ్ చక్రవర్తి ఆజ్ఞ వచ్చాక, కొండల్లో రహస్యంగా దాచుకున్న నమ్మకం బయటపడింది. ఇప్పటికీ గోసౌలో లూథరన్లు ఎక్కువ. హాల్‌స్టాట్ ఫోటోలో కనపడే ఆ సూది గోపురం కూడా వాళ్ల చర్చిదే. ఆ ఫోటో తీసుకుంటున్నవాళ్లకి ఈ సంగతి చెప్పాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఇలా అంటే, మరి కట్టినవాళ్ల గొప్పతనం లేదా అని మీరు అడగొచ్చు. లేదని నేను అనను. దీనికి ఎదురు ఉదాహరణ కూడా నాకు తెలుసు. సరిహద్దు దాటితే బవేరియాలో బాడ్ రైఖెన్‌హాల్ ఉంది. 1613లో అక్కడ చిక్కటి ఉప్పు ఊట ఒకటి దొరికింది, కానీ అదే సమస్య: కట్టెలు లేవు. అడవి ఉన్నది ట్రౌన్‌స్టైన్ దగ్గర, 31 కిలోమీటర్ల దూరంలో, మధ్యలో ఎత్తు. హాల్‌స్టాట్‌కి వాలు తోడుంది, వీళ్లకి లేదు. హాన్స్ రైఫెన్‌స్టూయెల్, ఆయన కొడుకు జీమోన్ కలిసి 1617 నుంచి 1619 లోపల గొట్టం వేసి, దారిలో ఏడు చోట్ల పంపు ఇళ్లు కట్టి, నీటిచక్రాలతో తిరిగే పంపులతో ఉప్పునీటిని సుమారు 250 మీటర్ల ఎత్తుకి మెట్లు మెట్లుగా ఎక్కించారు. అప్పటికి న్యూటన్ పుట్టనే లేదు. వాగు నీటి బలంతో ఉప్పునీటిని కొండెక్కించడం అంటే, ఆ ఆలోచనకి చేతులెత్తి దండం పెట్టాల్సిందే. తర్వాత గెయోర్గ్ ఫాన్ రైఖెన్‌బాఖ్ అనే ఇంజనీరు ఆ దారిని 1810లో రోజెన్‌హైమ్ దాకా పొడిగించాడు. 1817లో బెర్ఖ్‌టెస్‌గాడెన్ నుంచి రైఖెన్‌హాల్‌కి ఇంకో గొట్టం వేసి, ఇల్జాంగ్ దగ్గర తన యంత్రంతో ఒక్క ఊపున 356 మీటర్ల ఎత్తుకి ఉప్పునీటిని తోయించాడు. ఇంజనీరింగ్ చదివినవాణ్ణి కాబట్టి ఆ అంకె చదివినప్పుడు నా ఒళ్లు జలదరించింది.

కానీ అదే బవేరియాలో ఆ ఏడు పంపు ఇళ్లని గమనించండి. ఇళ్లు అన్నారు ఎందుకంటే అక్కడ మనుషులు కాపురం ఉన్నారు. చక్రం తిరగడం ఆగితే వినపడేంత దగ్గర్లో పడుకున్నారు. ఒక్క ఇంట్లో పంపు ఆగినా మిగతా ఆరూ వృథా. తెలివి ఒక్కసారి పుడితే చాలు. మెలకువ రోజూ ఉండాలి. రెండోదానికి వంతెన మీద పేరు చెక్కరు, విగ్రహం పెట్టరు.

ఫ్రాన్స్‌లో ఇంకో దారి ఉంది. సాలాన్ ఊరి ఉప్పునీటిని షో అడవి పక్కన, ఆర్క్-ఎ-సెనాన్ దగ్గర క్లోద్ నికోలా లెదూ కట్టిన అందమైన రాజ కర్మాగారానికి 21 కిలోమీటర్లు దుంగల గొట్టంలో తెచ్చారు. 1779కి కర్మాగారం పూర్తయింది. ఇప్పుడది యునెస్కో వారసత్వ కట్టడం. ఆ గొట్టం బాగా కారేది. ఉప్పు మీద పన్ను పీడించిన కాలం కాబట్టి దారిలో జనం ఉప్పునీరు పట్టుకుపోకుండా కాపలా చౌకీలు పెట్టారు. అక్కడ గొట్టం వెంట నడిచిన మనిషి చేతిలో పనిముట్టుతో పాటు ఆయుధం కూడా ఉంది. ఇంత చాలు, ఫ్రాన్స్ కథ వేరే రోజు.

మళ్లీ హాల్‌స్టాట్‌కి. 1877లో ఆ లోయలోకి రైలు వచ్చింది. రైలుతో బొగ్గు వచ్చింది. ఏ కట్టెల కోసం ఉప్పునీటిని 40 కిలోమీటర్లు నడిపించారో ఆ కట్టెల అవసరమే తీరింది. లెక్క ప్రకారం గొట్టం అక్కడితో ఆగిపోవాలి. ఆగలేదు. అప్పటికే కింద ఎబెన్‌జేలో పెనాలున్నాయి, పనివాళ్లున్నారు, ఊరుంది. హాల్‌స్టాట్‌లో మరగబెట్టడం 1965లో ఆగిపోయింది. ఎబెన్‌జే దగ్గర 1979లో కొత్త ఫ్యాక్టరీ మొదలైంది. దానికి ఇప్పటికీ హాల్‌స్టాట్, ఆల్టౌసే, ఇషల్ గనుల నుంచి ఉప్పునీరు గొట్టాల్లోనే వెళ్తోంది. పుట్టించిన కారణం పోయినా ఒక పని బతికి ఉండటం నేను చాలా తక్కువ చోట్ల చూశాను. బతకడానికి కారణం, దాన్ని చూసుకునేవాళ్లకి ఎప్పుడూ జీతం అందడం. 400 ఏళ్లలో రాజులు మారారు, సామ్రాజ్యం కూలింది, రెండు ప్రపంచ యుద్ధాలు జరిగాయి. గొట్టం కాపలా ఖర్చు మాత్రం ఖాతాలో ఉంటూనే వచ్చింది.

2012లో చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో హాల్‌స్టాట్ ఊరికి నకలు కట్టారు. చర్చి, ఇళ్లు, కూడలి అన్నీ అచ్చం అలాగే. ఇళ్లకి కొలతలు తీసుకోవచ్చు. కానీ హాల్‌స్టాట్‌ని హాల్‌స్టాట్ చేసింది దాని వెనక కొండా, ఆ కొండ నుంచి పోయే గొట్టమూ, గొట్టం వెంట నడిచినవాళ్లూ. వాటికి కొలతలు తీసుకోవడం కుదరదు.

ఇదంతా నాకు ఎందుకింత పట్టిందో ఇప్పుడు చెప్తాను. మా ఊళ్లో ఒక మంచినీటి పథకం ఉంది. ఉప్పునేల కాబట్టి బావుల్లో నీళ్లు నోట పెట్టలేం. నేను ఇంటర్ చదివేటప్పుడు దూరం నుంచి పైపులు వేసి, ఓవర్‌హెడ్ ట్యాంకు కట్టి, ముందు నల్లరాయి ఫలకం పెట్టారు. ప్రారంభం రోజు బాజాలు మోగాయి, మా అమ్మ మొదటి బిందె పట్టి దేవుడి దగ్గర పెట్టింది. మూడేళ్లు బాగానే వచ్చాయి. తర్వాత ఒక కల్వర్టు దగ్గర పైపు పగిలింది. ఎవరు బాగుచేయాలో ఎవరికీ తెలియదు. కట్టించడానికి డబ్బు వచ్చింది, చూసుకోవడానికి ఒక్క రూపాయి కూడా రాలేదట. పైపు ఏ పొలం గట్టు కింద నుంచి పోతుందో చెప్పే మ్యాపు కూడా లేదు. రెండు ఎండాకాలాలు అమ్మ ట్యాంకర్ దగ్గర లైన్లో నిలబడింది. ఫలకం మాత్రం ఇప్పటికీ మెరుస్తోంది. తప్పు ఎవరిదని నేను వేలు పెట్టి చూపించడం లేదు. కట్టడాన్ని పండగలా, చూసుకోవడాన్ని చిల్లర ఖర్చులా లెక్కేయడం మనందరికీ అలవాటైంది. రిబ్బన్ కత్తిరించిన రోజుతో పని అయిపోయిందనుకుంటాం. హాల్‌స్టాట్ గొట్టానికి ఆ రోజు పని మొదలైంది.

అందుకే నాకు ఆ "అతి పాత పైప్‌లైన్" మాట మీద అంత పట్టింపు. రికార్డు అనేసరికి మన చూపు వస్తువు మీద పడుతుంది, అది ఎలాగో తనంతట తానే నిలిచిందనిపిస్తుంది. ఆ కాగితం నేను రాస్తే ఇలా రాస్తాను: ఈ దారిలో 1607 నుంచి ఉప్పునీరు పోతోంది, ఎందుకంటే 1607 నుంచి దీన్ని బాగుచేస్తూనే ఉన్నారు.

ఇప్పుడు మా ఊళ్లో నీళ్లు మళ్లీ వస్తున్నాయి. ఒకాయన ఉన్నాడు, మా నాన్న వయసువాడు, నేను బాబాయ్ అంటాను. పొద్దున్నే నాలుగింటికి సైకిల్ మీద పోయి వాల్వు తిప్పి, పైపు దారి వెంట తిరిగి వస్తాడు. నెలకి ఇచ్చేది కొంచెం, అదీ నెలనెలా రాదు. హాల్‌స్టాట్ నుంచి వచ్చిన రాత్రి ఆయనకి ఫోన్ చేశాను. ఆ వంతెన ఫోటో పంపి, ఉప్పునీళ్లు పోతాయి బాబాయ్ దాని మీద అన్నాను. ఆయన కాసేపు చూసి, "అతుకులు ఎంత దూరానికోటి ఎట్టారు?" అని అడిగాడు. మూడు మీటర్లకి ఒకటి అని చెప్పాను. "అమ్మో" అన్నాడు. ఆ తర్వాత మా లైన్లో ఏ అతుకు ఎక్కడ ఉందో, ఏది ఏ ఏడాది మార్చారో, ఏది వానాకాలంలో కారుతుందో, కల్వర్టు దగ్గర నుంచి ట్యాంకు దాకా ఒక్కొక్కటీ చెప్పుకుంటూ వచ్చాడు. అరగంట పట్టింది. అదంతా ఆయన బుర్రలోనే ఉంది, ఏ కాగితం మీదా లేదు. సంక్రాంతికి ఊరెళ్తున్నాను. పొద్దున నాలుగింటికి ఆయన సైకిల్ వెనక నేనూ వస్తానని చెప్పాను. ఒక నోటు పుస్తకం, టేపు, ఫోన్లో జీపీఎస్ పట్టుకుని వెళ్తాను. బూట్లు వేసుకు రావద్దన్నాడు, గట్టు జారుతుందట.